క్లోమానికీ ఒక గడియారం ఉంది

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నాకు షుగరు ఎందుకొచ్చిందని, తీపి ఎక్కువ తిన్నానా అని మొన్న ఫోనులో అడిగారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ, సరైన జవాబు ఫోనులో తేలేది కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. వంశంలో ఉండటం, ఒళ్లు పెరగడం వంటి మామూలు కారణాలు నాకూ ఉన్నాయి. వాటితో పాటు పాతికేళ్ల రాత్రి డ్యూటీలు కూడా ఉన్నాయి. నా జబ్బు వాటివల్లనే వచ్చిందని చెప్పలేను, ఒక్క మనిషి విషయంలో అలా తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే రాత్రిళ్లు పనిచేసేవారిలో మధుమేహం ఎక్కువగా కనిపిస్తుందని చాలా పరిశీలనల్లో తేలింది.

1729లో ద మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో ఉంచి చూశాడు. వెలుతురు సోకకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకుంటూ, రాత్రి ముడుచుకుంటూనే ఉన్నాయి. కాలం తెలుసుకునే ఏర్పాటు మనలోనూ ఉంది. కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడులో ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు 20,000 కణాల చిన్న గుంపు ఒకటి రోజును లెక్కపెడుతూ ఉంటుంది. దాని రోజు సాధారణంగా 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువ కావడం వల్ల, ఉదయపు వెలుతురు దాన్ని ప్రతిరోజూ సరిచేయవలసి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. గడియారం మెదడులో ఒక్కటే లేదు, కాలేయంలోనూ, ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోనూ, కండరాల్లోనూ కొవ్వులోనూ వేటి గడియారాలు వాటికున్నాయి. మెదడు గడియారం వెలుతురును చూసి నడిస్తే, కాలేయపు గడియారాన్ని మనం తినే వేళలు చాలావరకు నడిపిస్తాయి. నేను రాత్రి రెండింటికి డ్యూటీలో అన్నం తిన్నప్పుడు మెదడు లెక్కలో అది నడిరాత్రి, కాలేయానికి మాత్రం పగలు వచ్చినట్టే. రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోను ఎక్కువగా ఉండే ఆ వేళలో, రక్తంలో చక్కెరను దించే ఇన్సులిన్‌ను క్లోమం తగినంతగా విడుదల చేయదు. అందుకే పొద్దున తిన్న భోజనాన్నే రాత్రి తింటే రక్తంలో చక్కెర మరింత పెరిగి, దిగడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది.

తినే వేళ సంగతి అలా ఉంచి, నిద్ర తగ్గితే ఏమవుతుందో 1999లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రుల పాటు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆ తరువాత పరీక్షిస్తే, రక్తంలోని చక్కెరను సర్దుకునే శక్తి వయసు మళ్లినవారిలో మాదిరిగా తగ్గిపోయి ఉంది, పొద్దున పెరిగి సాయంత్రానికి దిగవలసిన కార్టిసోల్ అనే హార్మోను ఇంకా పైనే ఉంది. ఎక్కువసేపు పడుకోనిచ్చాక వాళ్లు కోలుకున్నారు. నిద్ర చాలనప్పుడు కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుందని మరికొన్ని ప్రయోగాల్లో కనిపించింది. అర్ధరాత్రి దాటాక మీ చేతులు చిరుతిండి డబ్బాల వైపు ఎందుకు పోతాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. యౌవనంలో గడియారం సహజంగానే వెనక్కి జరిగి, నిద్ర ఆలస్యంగా వస్తుంది. పొద్దున్నే లేవలేకపోతే మీ అమ్మ బద్ధకమంటుంది, అది పూర్తిగా న్యాయం కాదు. అలాగని పడక మీద ఫోను పట్టుకుని ఆ ఆలస్యాన్ని మరో రెండు గంటలు పెంచుకుంటే దానికి మాత్రం వయసును తప్పుపట్టలేం. ఆ వెలుతురు మెలటోనిన్‌ను అణచి, గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. వారమంతా మేలుకుని సెలవు రోజున మధ్యాహ్నం దాకా పడుకుంటే బాకీ తీరిందనుకుంటారు గానీ, శరీరానికి అది రెండు దూరదేశాల మధ్య వారం వారం ప్రయాణం చేసినట్టే ఉంటుంది.

చివరగా నా షుగరు మీటరు సంగతి. రాత్రి కంటే పొద్దున, ఏమీ తినకుండానే, ఎక్కువ అంకె చూపిస్తోందని అది పాడైందన్నారు కదా. తెల్లవారుజామున గడియారం మనల్ని లేపడానికి సిద్ధపడుతున్నప్పుడు కార్టిసోల్ పెరుగుతుంది, కాలేయం నిలవ ఉంచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. మీ క్లోమం వెంటనే దానికి సరిపడా ఇన్సులిన్ పంపుతుంది కనుక మీకు ఏ తేడా తెలియదు. నా క్లోమానికి అంత పంపే శక్తి లేదు. మీటరు బాగానే ఉంది, దాన్ని మార్చకండి.

మీ తాతయ్య