ఉచితంగా ఇచ్చారు, మార్చుకునే హక్కు ఇవ్వలేదు: సార్వత్రిక విద్యా వనరుల వెనుక కథ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 ప్రాంతంలో అచ్చయి, తర్వాత తెలంగాణలోనూ కొనసాగిన హైస్కూలు పాఠ్యపుస్తకం ఏదైనా ఇంట్లో ఉంటే తీసి మొదటి పేజీలు తిప్పి చూడండి. ప్రభుత్వం ఉచితంగా పంపిణీ చేస్తోందని ఒక వరుసలో ఉంటుంది. సర్వహక్కులూ తమవేననీ, రాతపూర్వక అనుమతి లేకుండా ఇందులో ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ మళ్లీ ముద్రించకూడదనీ, నిల్వ చేయకూడదనీ, ఇతరులకు పంపకూడదనీ దానికి దగ్గర్లోనే ఇంగ్లిషులో ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్లలో సర్కారు బడుల టీచర్లూ ఉన్నారు. అచ్చు ఖర్చు జనం కట్టిన పన్నుల నుంచి వచ్చింది. అయినా అందులోని ఒక పాఠాన్ని తన ఊరి పిల్లలకు తగ్గట్టు తిరగరాసి నలుగురికీ పంచుకోవాలంటే, ఏ టీచరైనా ముందుగా అనుమతి అడగాలి.

ఉచితం వేరు, సార్వత్రికం (ఓపెన్) వేరు. ఉచితం అంటే డబ్బు అడగకపోవడం, సార్వత్రికం అంటే మార్చుకుని పంచుకునే హక్కు కూడా ఇవ్వడం. ఆన్‌లైన్ పాఠాల గురించి మన దగ్గర జరిగే చర్చలో ఈ తేడా దాదాపుగా వినపడదు. ఎందుకు వినపడదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన ఇళ్లలో ‘ఓపెన్’ అనే మాటకు ఒక స్థిరమైన అర్థం ఉంది. ‘ఓపెన్‌లో టెన్త్ కట్టాడు’, ‘పెళ్లయ్యాక ఓపెన్‌లో డిగ్రీ చేసింది’ అంటాం. ఈ వాడుకకు మూలం హైదరాబాద్‌లోనే ఉంది. 1982 ఆగస్టులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టే పనికీ ఆయన్నే పిలిచారు. బడి మధ్యలో మానేసినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఆనాడు చిన్న విషయం కాదు. బీడీలు చుట్టుకునే ఆడవాళ్లు, బస్సు కండక్టర్లు, ఊళ్లో గుమాస్తాలు ఆదివారం స్టడీ సెంటర్‌కు వెళ్లి పాఠం విన్నారు. తెలుగులో రాయించిన ఆ యూనివర్సిటీ పుస్తకాలు ఇప్పటికీ పోటీ పరీక్షలకు చదివేవాళ్ల బల్లల మీద కనిపిస్తాయి. నాకు ఆ సంస్థ మీద ఉన్న గౌరవం చాలా పెద్దది.

కానీ అక్కడ తెరుచుకున్నది ప్రవేశ ద్వారం. పుస్తకం మీద హక్కు ఎప్పటిలాగే ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయింది. అప్పట్లో అలా తప్ప ఇంకోలా ఉండొచ్చన్న ఆలోచనే ఎవరికీ లేదు.

దూరం నుంచి పాఠం చెప్పడం అంతకు ముందే మొదలైంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిచింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలను అందుకు ఎంచుకున్నారు, వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు వచ్చేవి. టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ కూడా ఆ టీవీలోనే ఇచ్చారు. ఉపగ్రహం మాత్రం అమెరికాది, ఏడాదికి అరువు తెచ్చుకున్నది. గడువు తీరగానే దాన్ని పక్కకు జరిపేశారు, ఊళ్లలో ఆ కార్యక్రమాలు ఆగిపోయాయి. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఇస్రో ‘ఎడ్యుశాట్’ను పంపాక విద్య కోసమే మన సొంత ఉపగ్రహం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘మన టీవీ’ పాఠాలు, తర్వాత తెలంగాణలో ‘టీ-శాట్’ విద్య, నిపుణ చానళ్లు కూడా ఉపగ్రహ పాఠాల దారిలో నడిచినవే. వీటన్నిటిలోనూ పాఠం ప్రధానంగా ఒకవైపు నుంచే వచ్చింది. అటువైపు స్టూడియో, ఇటువైపు నోట్సు రాసుకునే పిల్లలు.

వేరే ఆలోచన పుట్టింది అమెరికాలో. అక్కడి ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం 1999, 2000 సంవత్సరాల్లో ఇంటర్నెట్‌లో పాఠాలు అమ్మితే ఎంత వస్తుందని లెక్కలు వేయించింది. అది డాట్‌కామ్ కంపెనీలు వెలిగిపోతున్న కాలం. లెక్కలు వేసిన అధ్యాపకుల కమిటీ అమ్మకం గిట్టుబాటు కాదని తేల్చి, మొత్తం ఊరికే పెట్టేద్దామని సలహా ఇచ్చింది. 2001 ఏప్రిల్‌లో ‘ఓపెన్ కోర్స్‌వేర్’ ప్రకటన వెలువడింది. మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలై 2007 నాటికి దాదాపు 1,800 కోర్సులకు చేరింది. 2002 జులైలో పారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశం ఈ కొత్త పద్ధతికి ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అని పేరు పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో క్రియేటివ్ కామన్స్ సంస్థ తొలి లైసెన్సులు విడుదల చేసింది. ‘నా పేరు చెప్పి వాడుకోండి’, ‘మార్చుకోండి, కానీ మీరు మార్చింది కూడా ఇలాగే అందరికీ ఇవ్వండి’ అని రచయిత ముందుగానే రాసిపెట్టే పద్ధతి అది. ఇక ఎవరి అనుమతి కోసమూ ఉత్తరం రాయనక్కర్లేదు.

ఈ రంగంలో మొదటి నుంచీ ఉన్న అమెరికన్ విద్యావేత్త డేవిడ్ వైలీ సార్వత్రిక వనరుకు ఐదు హక్కులు ఉండాలంటారు. దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, వేరేదానితో కలుపుకోవడం, పంచుకోవడం. వీటిలో మూడోదే టీచరుకు ప్రాణం. ఉట్నూరు వైపు ఒక బడిలో పంటల పాఠం చెబుతున్నారనుకోండి. పుస్తకంలో నారుమళ్లు, కాలువ నీళ్ల వరి ఉంటే, అక్కడి పిల్లలు చూసేది పత్తి, జొన్న. బొమ్మలు మార్చి, ఉదాహరణలు మార్చి, నాలుగు గోండి మాటలు చేర్చి ఆ పాఠాన్ని పక్క మండలం టీచరుకు ఇవ్వగలగాలి. ఆమె దానికి ఇంకో పేజీ చేర్చగలగాలి.

మన కాపీరైట్ చట్టం తరగతి గది విషయంలో కొంత ఉదారంగానే ఉంది. 1957 నాటి చట్టంలోని 52వ సెక్షన్ పాఠం చెప్పేటప్పుడు టీచరు ఒక రచనను నకలు తీసుకోవడానికి ఒప్పుకుంటుంది. ఢిల్లీ యూనివర్సిటీ పక్కన జిరాక్స్ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేసినప్పుడు, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్‌కు విద్యార్థుల వైపు నిలిచే అర్థమే చెప్పింది. అయితే అది తరగతి అవసరానికి. తిరగరాసిన పాఠాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి లోకానికంతా పంచడానికి ఆ సెక్షన్ ధైర్యం ఇవ్వదు, ఓపెన్ లైసెన్సు ఇస్తుంది.

దేశంలో ఈ బాటలో మొదట పెద్ద అడుగు వేసింది ఐఐటీలు. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి కేంద్రం డబ్బుతో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాయి. మన ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో ఆ వీడియోలు హార్డ్ డిస్కుల్లో చేతులు మారిన సంగతి ఆ కాలంలో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2009 ఫిబ్రవరిలో ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) ద్వారా విద్య అనే జాతీయ మిషన్‌ను కేంద్ర మంత్రి అర్జున్ సింగ్ తిరుపతిలో ప్రారంభించారు. బడిపిల్లల వంతు 2013 ఆగస్టులో వచ్చింది. అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి, కాకినాడకు చెందిన పల్లంరాజు హయాంలో, కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఆధ్వర్యంలో సార్వత్రిక వనరుల జాతీయ భాండాగారం మొదలైంది. మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సునే దానికి ఎంచుకున్నారు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి నిర్ణయం ఉండదు. తెలుగులో అందులో చేరింది మాత్రం తక్కువే.

2017లో రెండు పెద్ద వేదికలు వచ్చాయి. జులైలో కాలేజీ చదువులకు ‘స్వయం’, సెప్టెంబరు 5న టీచర్లకు, బడిపిల్లలకు ‘దీక్ష’. దీక్షను ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అప్పటి నుంచే మామూలయ్యాయి. దీక్షకు ఆధారమైన ‘సన్‌బర్డ్’ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ (దాని కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు), దీక్షలోని చాలా వీడియోలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది. అంటే పుస్తకంలో అచ్చయిన పాఠానికి సర్వహక్కుల కట్టడి ఉంటే, దాని పక్కనున్న కోడ్ స్కాన్ చేస్తే వచ్చే వీడియోకు స్వేచ్ఛ ఉంది. ఈ రెండింటికీ పొంతన కుదిర్చే పని ఇంకా జరగాల్సే ఉంది.

తర్వాత కరోనా వచ్చింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాదే దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు మొదలయ్యాయి, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీ-శాట్‌లలో వచ్చాయి. నలభై అయిదేళ్ల తర్వాత మళ్లీ టీవీ ముందే కూర్చున్నాం. గ్రామీణ విద్య మీద జరిగే ‘అసర్’ సర్వే ఆ ఏడాది చెప్పిన ప్రకారం దేశంలో గ్రామీణ బడిపిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 61.8 శాతం, 2018లో అది 36.5 శాతం. ఫోన్ ఉన్న ఇంట్లో కూడా అది నాన్నతో పాటు పనికి వెళ్లిపోయేది. అక్కాతమ్ముళ్లకు ఒకే ఫోన్ అయితే ఎవరి క్లాసు ముందు అనే టెన్షన్ ప్రతి రోజూ ఉండేది.

ఆ కష్టంలోంచి ట్యాబుల ఆలోచన బలపడింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ సంస్థ పాఠాలు నింపిన ట్యాబులను ప్రభుత్వం డిసెంబరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు పంచింది. నెట్ లేకపోయినా పనిచేసేలా పాఠాలు ముందే లోపల పెట్టడం మంచి ఆలోచన. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. అలాంటప్పుడు లోపలి పాఠాలను ఎవరు సరిదిద్దాలి, సిలబస్ మారితే ఎవరు మార్చాలి అన్న ప్రశ్న వస్తుంది. ఆ పాఠాలు ఓపెన్ లైసెన్సులో ఉండి ఉంటే ఏ డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ) కాలేజీ అయినా, ఏ జిల్లా టీచర్ల బృందమైనా ఆ పని అందుకోగలిగేవి.

తెలుగుకు ప్రత్యేకంగా ఇంకో అడ్డంకి ఉంది, అది చట్టంలో లేదు. ఒకసారి నేను ఒక సైన్సు పాఠాన్ని పీడీఎఫ్ నుంచి కాపీ చేసి నా ఫైల్‌లో పేస్ట్ చేశాను. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు, ఇంగ్లిషు గుర్తులూ చుక్కలూ వచ్చిపడ్డాయి. ప్రపంచ భాషల అక్షరాలను కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించేందుకు పెట్టుకున్న ప్రమాణం యూనికోడ్. తెలుగుకు అందులో 1991 నుంచీ చోటు ఉంది. మన ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు మాత్రం చాలాకాలం యూనికోడ్ కాని ఫాంట్లతోనే పేజీలు కట్టాయి. అలా కట్టిన పుస్తకం కంటికి తెలుగు, కంప్యూటర్‌కు కాదు. వెతికితే దొరకదు. చూపులేని పిల్లలకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. ఒక్క వాక్యం మార్చాలన్నా మళ్లీ మొదటి నుంచి టైపు చేయాలి. మార్చుకునే హక్కు రేపు కాగితం మీద ఇచ్చినా, ఇలాంటి ఫైల్‌తో టీచరు చేయగలిగింది ఏమీ లేదు.

నిజంగా మార్చుకోదగిన తెలుగు చాలావరకు ప్రభుత్వ పుస్తకాల బయటే పెరిగింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను వాలంటీర్లు వాక్యం వాక్యంగా కట్టారు. ఐఐటీ బాంబే ‘స్పోకెన్ ట్యుటోరియల్’ సాఫ్ట్‌వేర్ పాఠాలకు తెలుగు గొంతు జోడించింది. పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015 సెప్టెంబరులో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో పిల్లల కథల బొమ్మలు, మాటలు రెండూ ఓపెన్ లైసెన్సులో ఉంటాయి. ఎవరైనా ఒక కథ తీసుకుని తమ యాసలోకి మార్చి, మళ్లీ అక్కడే పెట్టొచ్చు. ఎక్కడో రాసిన కథను తెలుగులోకి తెచ్చి, మూడో తరగతి పిల్లలకు పొడుగ్గా ఉన్న వాక్యాలు కుదించి, అచ్చు తీసి గోడకు అంటించొచ్చు. దానికి ఏ కార్యాలయానికీ అర్జీ పెట్టక్కర్లేదు.

2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు సార్వత్రిక విద్యా వనరుల మీద ఒక సిఫారసును ఆమోదించాయి. ప్రజాధనంతో తయారైన విద్యా సామగ్రిని ఓపెన్ లైసెన్సుతో ఇవ్వడాన్ని ప్రోత్సహించాలని అందులో ఉంది. సభ్యదేశాల్లో భారత్ కూడా ఒకటి. ఆ మాట మన రాష్ట్రాల పాఠ్యపుస్తకాల దాకా రావాలంటే రెండు పనులు కావాలి. మొదటి పేజీలోని ఆ ఇంగ్లిషు వరుసను మార్చాలి. పీడీఎఫ్‌తో పాటు, యూనికోడ్‌లో టైపు చేసిన అసలు ఫైలును కూడా టీచర్లకు ఇవ్వాలి.