నోరు విప్పని ఖైదీలు నవలల్లోంచి ఎలా మాయమయ్యారు

నియంతల రాజ్యాలను ఊహించి రాసిన నవలల్లో చిత్రహింస అనగానే చాలామందికి జార్జ్ ఆర్వెల్ '1984'లోని 101వ నంబరు గది గుర్తొస్తుంది. కథానాయకుడు విన్‌స్టన్ ముఖానికి ఎలుకల బోను తగిలించబోతారు. తన బదులు, తను ప్రేమించిన జూలియాను పట్టుకోమని అతను గావుకేకలు పెడతాడు. ఆ గదికి వచ్చేసరికే అతను చేసినవీ చేయనివీ అన్నీ ఒప్పేసుకున్నాడు. అక్కడి పాలక పార్టీ రాబట్టాల్సిన రహస్యం ఒక్కటీ మిగల్లేదు. మరి ఇంకా ఎందుకు హింసించారు? జవాబు కావాలంటే ఆ నవలకు ముందు ముప్పై ఏళ్లలో యూరప్‌లో ఏం జరిగిందో చూడాలి.

ఈ కోవలో మొదటి పెద్ద నవలల్లో ఒకటి రష్యన్ రచయిత యెవ్‌గెనీ జమ్యాతిన్ 1920-21లో రాసిన 'మేము'. సొంత దేశంలో అచ్చుకు అనుమతి దొరకలేదు. 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లిష్ అనువాదం వస్తే, సోవియట్ పాఠకుల చేతికి అందింది 1988లో. అందులో మనుషులకు పేర్లుండవు, నంబర్లే. ఇళ్లకు గాజు గోడలు. ఎవరేం చేస్తున్నా పక్కవాళ్లకు కనిపిస్తుంది. ఎదురుతిరిగినవాళ్లను గాజు గంట కింద కూర్చోబెట్టి గాలి తోడేస్తారు. ఐ-330 అనే స్త్రీని మూడుసార్లు అలా చేస్తారు. కళ్లు మూతలు పడతాయి, తెలివి తెప్పిస్తారు, మళ్లీ కూర్చోబెడతారు. ఆమె ఒక్క మాట చెప్పదు. ఆమెను ప్రేమించిన ఇంజినీరు అక్కడే కూర్చుని చీకూచింతా లేకుండా చూస్తుంటాడు. అప్పటికే ఆపరేషన్ చేసి అతని మెదడులోంచి ఊహాశక్తిని తీసేశారు. అంటే 1921 నాటి రచయిత దృష్టిలో మనిషిని పూర్తిగా లొంగదీయాలంటే మెదడు కోయాల్సిందే. హింస ఒక్కటే చాలదు.

పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ నమ్మకం కూలిపోయింది. స్టాలిన్ పాలనలో, 1936 ఆగస్టు నుంచి 1938 మార్చి దాకా మాస్కోలో మూడు బహిరంగ విచారణలు జరిగాయి. లెనిన్ పక్కన నిలబడి విప్లవం నడిపిన జినోవియెవ్, కామెనెవ్, బుఖారిన్ లాంటివాళ్లు కుట్రదారులమని, ద్రోహులమని తమ నోటితోనే చెప్పారు. 1938 మార్చి 2న నిందితుల్లో ఒకడైన నికొలాయ్ క్రెస్తీన్‌స్కీ మాత్రం అడ్డం తిరిగాడు. దర్యాప్తులో ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమని నిండు కోర్టులో అన్నాడు. మర్నాడు అదే కోర్టులో, నిన్న అన్నదే తప్పు, నేరాలన్నీ చేశానన్నాడు. ఆ నెలలోనే కాల్చేశారు.

తెర వెనక జరిగింది తర్వాత బయటపడింది. దర్యాప్తు అధికారులు షిఫ్టులు మారుతుంటారు, ఖైదీకి మాత్రం రోజుల తరబడి నిద్ర ఉండదు. భార్యాపిల్లల పేరు చెప్పి బెదిరిస్తారు. 12 ఏళ్లు దాటిన పిల్లలకూ పెద్దల శిక్షలు వర్తిస్తాయని 1935లోనే చట్టం తెచ్చారు కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదని తండ్రులకు తెలుసు. 1939లో అరెస్టయిన నాటక దర్శకుడు మేయర్‌హోల్డ్‌కు అప్పటికి 65 ఏళ్లు. బోర్లా పడుకోబెట్టి అరికాళ్ల మీద, వీపు మీద రబ్బరు పట్టీతో కొట్టారని, కమిలిన చోటే మళ్లీ కొడుతుంటే సలసల కాగే నీళ్లు పోసినట్టుండేదని మరుసటి జనవరిలో సోవియట్ ప్రధాని మొలొతోవ్‌కు ఉత్తరం రాశాడు. 1940 ఫిబ్రవరి 2న ఆయన్నీ చంపేశారు.

ఆ ఏడాదే ఆర్థర్ కోస్లర్ 'డార్క్‌నెస్ ఎట్ నూన్' వచ్చింది. అందులో రుబషోవ్ అనే పాత విప్లవకారుడి మీద దెబ్బ పడదు. కళ్లల్లోకి కొట్టే దీపం, నిద్రలేమి, ఎడతెగని వాదన, అంతే. పార్టీకి చివరి సేవగా అతను నేరం ఒప్పుకుంటాడు. నవలగా గొప్పదే. కానీ ఆ వివరణ హింసించినవాళ్లకు లేని గౌరవం కట్టబెడుతుందని నాకనిపిస్తుంది. మేయర్‌హోల్డ్ ఉత్తరంలో సిద్ధాంతం లేదు, రబ్బరు పట్టీ ఉంది.

ఆర్వెల్‌కు ఈ వ్యవహారం రెండు వైపుల నుంచీ తెలుసు. 1922 నుంచి 1927 దాకా బర్మాలో బ్రిటిష్ పోలీసు అధికారిగా పనిచేశాడు. అక్కడి లాకప్పుల కంపు గురించి, వెదురు బెత్తాల దెబ్బలకు మచ్చలు పడ్డ ఖైదీల గురించి తనే రాశాడు. 1937లో స్పెయిన్‌లో తనే వేటాడబడ్డాడు. ఫ్రాంకో సేనల మీద యుద్ధంలో అతను చేరింది పోమ్ అనే, స్టాలిన్‌ను వ్యతిరేకించే వామపక్ష పార్టీ దళంలో. ఆ పార్టీని ఆ జూన్‌లో నిషేధించారు. భార్యతో కలిసి రైలెక్కి ఎలాగో ఫ్రాన్స్ చేరాడు.

ఇవన్నీ చూశాకే '1984'లో, విన్‌స్టన్‌ను హింసించే పార్టీ అధికారి ఓబ్రియన్ నోట ఒక ఉపన్యాసం పెట్టాడు. పాతకాలపు మతవిచారణలు మనిషిని చంపి అమరవీరుణ్ణి చేశాయి, రష్యన్లు దొంగ ఒప్పుకోళ్లు రాబట్టారు, మేం మాత్రం మనసు మార్చాకే చంపుతాం అంటాడు. ఈ తేడా మనకు బాగా అర్థం కావాలి. శిస్తు వసూలుకు కంపెనీ సర్కారు ఉద్యోగులు రైతులను ఎలా హింసించారో 1855 నాటి మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదికలో ఉంది. మన తెలుగు జిల్లాలూ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. అది ఘోరమే, కానీ శిస్తు కట్టగానే ఆగేది. ఓబ్రియన్ హింసకు అలాంటి గమ్యం లేదు. మనిషికి మనిషి మీద ఉన్న ఆఖరి నమ్మకం తెగితేనే ఆగుతుంది. జూలియా పేరు విన్‌స్టన్ నోటి నుంచే రావాలి.

ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు రొమేనియాలోని పితేష్తి జైలు గురించి చదవాలి. '1984' వెలువడింది 1949 జూన్‌లో. ఆ డిసెంబరులో అక్కడ విద్యార్థి ఖైదీల మీద 'పునర్విద్య' మొదలైంది. కొట్టేదీ ఖైదీలే, వాళ్ల నాయకుడు తుర్కాను కూడా ఖైదీయే. దెబ్బలు తిన్న కుర్రాడు ముందు నేరాలు ఒప్పుకోవాలి, తర్వాత మిత్రుల పేర్లు చెప్పాలి, ఆఖరికి తన ప్రాణస్నేహితుడిని తన చేతులతోనే హింసించాలి. 1951 దాకా సాగింది. ఇక 1985 నాటి మార్గరెట్ ఆట్‌వుడ్ 'హ్యాండ్‌మెయిడ్స్ టేల్'లోనూ పారిపోబోయిన స్త్రీని కొట్టేది అరికాళ్ల మీదే. చరిత్రలో జరగనిదేదీ ఆ నవలలో పెట్టకూడదని ఆమె నియమం పెట్టుకుంది.

అయితే ఎవరూ తట్టుకోలేరన్న ఓబ్రియన్ మాట దగ్గర నేను ఆగిపోతాను. మేయర్‌హోల్డ్ దెబ్బలకు ఒప్పుకున్నదంతా మొలొతోవ్‌కు రాసిన ఆ ఉత్తరంలోనే వెనక్కి తీసుకున్నాడు. పోమ్ నాయకుడు ఆంద్రేవు నిన్‌ను 1937 జూన్ 16న పట్టుకెళ్లి రహస్యంగా హింసించి చంపారు, కానీ ఆయన సంతకంతో ఒక్క ఒప్పుకోలు కూడా బయటికి రాలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో మిగతా నాయకుల మీద బార్సిలోనాలో విచారణ నడిచింది. మాస్కో నాటకం అక్కడ సాగలేదు. వేరే ఆరోపణల మీద జైలుశిక్షలు వేసినా, గూఢచర్యం కేసును కోర్టు కొట్టేసింది.