‘నాకు బాగానే కనిపిస్తోంది’ అనేదే అన్నిటికంటే పెద్ద అపోహ

కావలిలో కంటి పరీక్షలు చేయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. నేను డాక్టర్ని కాను, ఆప్టోమెట్రిస్ట్‌ని. చూపు ఎంత ఉందో కొలవడం, అద్దాల పవర్ తేల్చడం, అనుమానం ఉన్న కంటిని డాక్టరు దగ్గరికి పంపడం నా పని. జలదంకి, కలిగిరి, వింజమూరు, అల్లూరు వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. ఊరు మారినా మాటలు మాత్రం మారవు. రోజూ అవే వింటుంటాను కాబట్టి నా జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

అపోహ: చూపు తగ్గితే నాకు తెలీదా?

తెలీదు. ఇది చెబితే చాలామందికి కోపం వస్తుంది.

హైవే మీద లారీ నడిపే ఒకాయన దగ్గర చూపుకి అద్దాలు కావాలని వచ్చారు. నలభై ఆరేళ్లు. "దూరం మనకేం ఢోకా లేదు సార్, ఒంగోలు నుంచి చెన్నై దాకా రాత్రంతా తోలతా" అన్నారు. కుడి కన్ను మూయించి చార్టు చదవమన్నాను. కాసేపు మాటే లేదు. తర్వాత మెల్లగా, "లైటు తగ్గించారా సార్?" అన్నారు. లైటు అట్లాగే ఉంది. ఎడమ కంటితో చార్టులో అన్నిటికంటే పైనున్న పెద్ద అక్షరం కూడా అందలేదు. చిన్నప్పుడు ఆ కంటికి బిళ్లంగోడు తగిలిందట. ఆ దెబ్బకి వచ్చిన శుక్లం ఎన్నేళ్లుగా పెరుగుతోందో ఆయనకే తెలీదు. ఆ కన్ను చేయని పనంతా రెండోది చేసుకుపోతోంది.

రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపు బాగున్న కన్నుతోనే ప్రపంచం చూస్తాం. రెండోది మెల్లమెల్లగా తగ్గుతుంటే మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, మనకి చెప్పదు. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇంట్లో క్యాలెండర్ పరీక్ష. గోడకున్న తెలుగు క్యాలెండర్‌కి పదడుగుల దూరంలో నిలబడండి. ఒక కన్ను మూసి తేదీల అంకెలు, వాటికింద తిథి, నక్షత్రం చూడండి. తర్వాత రెండో కన్ను. రెండిటికీ తేడా కనిపిస్తే చూపించుకోండి. మూసేటప్పుడు వేళ్లతో కంటిని నొక్కొద్దు, అరచేతిని దోసిలిలా వంచి అడ్డం పెట్టండి. నొక్కితే ఆ కన్ను తెరిచాక కాసేపు మసగ్గా కనిపించి మీరే కంగారు పడతారు. వేళ్లు పెడితే సందుల్లోంచి చూస్తారు కూడా. పిల్లలైతే మరీ. లైన్లో కూర్చున్నప్పుడే చార్టు కంఠతా పట్టేస్తారు, అందుకే నేను మధ్యలో చార్టు మారుస్తుంటాను.

అపోహ: సిక్స్ బై సిక్స్ వచ్చింది, ఇంక కంటికి ఏ జబ్బూ లేనట్టే

6/6 అంటే మామూలు చూపున్నవాళ్లు ఆరు మీటర్ల దూరం నుంచి చదవగలిగే అక్షరాన్ని మీరూ ఆరు మీటర్ల నుంచి చదివారని. 6/60 అంటే వాళ్లకి అరవై మీటర్లకే కనిపించేది మీకు ఆరు మీటర్లకి వస్తే గానీ కనిపించడం లేదని. అంతే. అది చూపు నడిమధ్య భాగాన్ని మాత్రమే కొలుస్తుంది. పక్కచూపు సంగతి అందులో లేదు.

నీటికాసులు ముందు తినేసేది ఆ పక్కచూపునే. డాక్టర్లు గ్లాకోమా అంటారు. కంటి నుంచి మెదడుకి వెళ్లే నరం దెబ్బతింటూ పోతుంది. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. నా దగ్గరికి వచ్చిన ఒకామె తన చూపు కోసం కాదు, మొగుడి మీద ఫిర్యాదుతో వచ్చింది. "ఈయన చూసుకోకుండా నడుస్తాడు, వాకిలి దాటేటప్పుడల్లా భుజం కొట్టుకుంటాడు, మంచం కోళ్లు తన్నుకుంటాడు" అని. ఆయన చార్టు చివరి వరస దాకా చదివేశారు. ఆమె మాట పట్టుకుని డాక్టరు దగ్గరికి పంపితే నీటికాసులని తేలింది. కంటి ఒత్తిడి మామూలుగా పాదరసం లెక్కలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కానీ ఒత్తిడి ఆ లెక్కలోనే ఉన్నవాళ్లకి కూడా ఈ జబ్బు రావచ్చు. అందుకే నరాన్ని కూడా చూడాలి. పోయిన చూపు మందులతో గానీ, ఆపరేషన్‌తో గానీ తిరిగి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడమే. ఇంట్లో ఒకరికి ఉంటే వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా చూపించుకోవాలి. ఎవరికీ లేకపోయినా నలభై దాటాక ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోండి. చత్వారం అద్దాల కోసం ఎటూ వస్తారు కదా, అప్పుడే.

షుగర్ ఉన్నవాళ్ల కథా ఇంతే. కంటి లోపలి రెటీనా మీద రక్తనాళాలు కారుతూ కూడా చార్టు చక్కగా చదివేవాళ్లని చూశాను. మధ్య భాగానికి తడి చేరేదాకా చాలామందికి చూపు తగ్గదు. పెద్దయ్యాక వచ్చే షుగర్ అయితే, అది బయటపడిన రోజుల్లోనే ఒకసారి కంటి లోపల చూపించుకోవాలి, ఆ తర్వాత ఏడాదికొకసారి. ఎందుకంటే అది బయటపడేసరికే లోపల ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలీదు. ఇంకో మాట. షుగర్ బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో కొత్త అద్దాలు చేయించుకోకండి. షుగర్ ఎక్కినప్పుడు కంట్లోని సహజ లెన్స్ పవరే మారుతుంది, అదుపులోకి వచ్చాక మళ్లీ మారుతుంది. అప్పుడు "నువ్విచ్చిన అద్దాలు పనికిరాలేదు" అని నా మీదికి వస్తారు.

అపోహ: అరవై దాటాక మా నాన్నకి చూపు తిరిగొచ్చింది

వింజమూరు నుంచి ఒక పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చాడు. వచ్చింది ఇంకెవరికో పరీక్షకి. తోడొచ్చిన పెద్దాయన బెంచీ మీద కూర్చుని పేపర్లో చిన్న అక్షరాలు అద్దాల్లేకుండా చదువుతున్నారు. ఇరవయ్యేళ్లు వాడిన చత్వారం అద్దాలు పక్కన పడేశారట. పొన్నగంటి కూర మహిమ అని ఇంట్లో అందరి నమ్మకం. "ఎదురుగా రోడ్డు అవతల ఆ మెడికల్ షాపు బోర్డు చదవండి తాతా" అన్నాను. చదవలేకపోయారు.

శుక్లం కంటి లెన్స్ నడుమ గట్టిపడుతూ వస్తే దాని పవర్ పెరిగి మనిషికి హ్రస్వదృష్టి వస్తుంది. దగ్గరిది అద్దాల్లేకుండా కనిపిస్తుంది, దూరానిది పోతుంది. పెద్దవాళ్లు బస్సు ఎక్కడం, పొలం వెళ్లడం తగ్గించేస్తారు కాబట్టి దూరం పోయిన సంగతి ఇంట్లో ఎవరి దృష్టికీ రాదు. పేపర్ చదవడం మాత్రం అందరికీ కనిపిస్తుంది. కొన్నాళ్లకి ఆ దగ్గర చూపు కూడా పోతుంది.

పొన్నగంటి కూర గురించి: తినండి, మంచిదే. ఆకుకూరలు, క్యారెట్, బొప్పాయి విటమిన్ ఎ కొరతతో వచ్చే రేచీకటిని అడ్డుకుంటాయి. సైట్‌నీ, శుక్లాన్నీ కరిగించవు.

అపోహ: పొర బాగా ముదిరాక ఆపరేషన్ చేయించుకోవాలి, అదీ చలికాలంలో

ఒకప్పుడు ఈ మాటలో నిజముంది. అప్పట్లో కంటి లెన్స్ మొత్తం తీసేసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవాళ్లు, కాబట్టి చూపు పూర్తిగా పోయేదాకా ఆగడమే మేలు. కంటి లోపల లెన్స్ పెట్టడం 1949లోనే లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టినా, అది మన ఊళ్ల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు లెక్క వేరు. పొర ముదిరేకొద్దీ గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. మీ పనికి అడ్డం వస్తోందా, రాత్రి ఎదురొచ్చే బండి లైటు కళ్లలో పగిలినట్టు విచ్చుకుంటోందా, బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నారా, అప్పుడే సమయం. కాలంతో పనిలేదు. మన ఎండలకి భయపడి సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు.

అపోహ: అద్దాలు పెడితే పిలకాయలకి సైట్ పెరిగిపోతుంది

ఇది నేను వారానికి ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. అద్దాలు రాయించుకుని, చేయించుకుని, బీరువాలో పెట్టే తల్లులున్నారు. ఆడపిల్ల అయితే "రేపు సంబంధాలు చూడాలి కదన్నా" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఆ మాటకి నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. కోపం మాత్రం వస్తుంది.

పెద్దవాళ్ల కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. పిల్లల్లో అది ఉండాల్సినదానికంటే పొడవు పెరిగితే దూరానిది మసకబారుతుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే దాదాపు రెండున్నర నుంచి మూడు పవర్ తేడా. పిల్ల పెరిగే వయసులో కన్నూ పెరుగుతుంది, పవరూ పెరుగుతుంది. నిరుడు కుట్టించిన గౌను ఈ ఏడు పొట్టయితే, గౌను వేసుకున్నందుకే పిల్ల పెరిగింది అనం కదా. పవర్ కావాలని తగ్గించి ఇవ్వమంటారు కొందరు. దానివల్ల సైట్ పెరగడం ఆగదు. పిల్ల మాత్రం మసక చూపుతో తిరుగుతుంది. నిజంగా పనికొచ్చేది రోజుకి రెండు గంటలు ఆరుబయట, పగటి వెలుతుర్లో గడపడం. సైట్ మొదలయ్యే అవకాశాన్ని అది తగ్గిస్తుంది. వేగంగా పెరిగే పిల్లలకి తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు డాక్టర్లు రాస్తారు. అవి సొంతంగా కొనేవి కావు.

పిల్లలు తమకి కనిపించడం లేదని ఎందుకు చెప్పరంటే, బాగా కనిపించడం అంటే ఏంటో వాళ్లకి తెలీదు. ఏడో తరగతి అమ్మాయికి పరీక్షకి వాడే ట్రయల్ ఫ్రేమ్‌లో అద్దాలు పెట్టి వాకిట్లోకి తీసుకెళ్లాను. పల్లెవెలుగు బస్సు పోతోంది. "బస్సు ముందర ఊరి పేరు రాసుంటదా?" అంది. అన్నాళ్లూ కండక్టర్ని అడిగి ఎక్కుతోంది. అందరూ అడిగే ఎక్కుతారనుకుందట. టీవీకి దగ్గరగా కూర్చోవడం కూడా అలాంటిదే. దానివల్ల చూపు పోదు, చూపు లేక దగ్గర కూర్చుంటున్నారేమో చూడండి.

మెల్లకన్ను అదృష్టం అనే మాటకి మాత్రం నేను ఊరుకోను. ఆరు నెలలు దాటిన బిడ్డకి కన్ను పక్కకి తిరుగుతుంటే వెంటనే చూపించాలి. వాడని కంటిని మెదడు చిన్నప్పుడే వదిలేస్తుంది. ఏడెనిమిదేళ్లలోపు అద్దాలు, బాగున్న కంటికి ప్యాచ్ లాంటి వాటితో చాలావరకు వెనక్కి తేవచ్చు. వయసు దాటేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. నెలలు నిండక పుట్టిన బిడ్డ అయితే, 34 వారాల్లోపు పుట్టినా, రెండు కిలోలకంటే తక్కువ ఉన్నా, నెల తిరక్కుండా రెటీనా పరీక్ష జరగాలి. ఫోటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే ఆ రోజే బయలుదేరండి, అది కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. ఇవేవీ లేకపోయినా బడిలో వేసేముందు ఒక పరీక్ష చేయించండి.

అపోహ: మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకుంటే సరిపోతుంది

కంటి దురదకి ఒక షాపులో ఇచ్చిన చుక్కల మందును రెండేళ్లు వాడిన కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. వేసుకోగానే హాయిగా ఉంటుంది, అందుకే మానలేదు. అది స్టెరాయిడ్. ఎక్కువకాలం వాడితే కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం వస్తుంది. ఆ వయసుకి రాకూడనివి రెండూ అతనికి వచ్చాయి. ఇంట్లో అందరూ ఒకే సీసా వాడుకోవడం, కోతల్లో వరి ఆకు గీసుకున్న కంట్లో తల్లిపాలో, ఆకు పసరో పోయడం కూడా ఇలాంటివే. ఆకు గీసుకున్న కంటికి ఫంగస్ పడితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. ఆ దెబ్బకి ఒక్కరోజు కూడా ఆగకూడదు.

సంతలో దొరికే రెడీమేడ్ చత్వారం అద్దాల మీద నాకు మిగతావాళ్లంత కోపం లేదు. రెండు కళ్లకీ ఒకే పవర్ ఉండి, సిలిండర్, అంటే ఒక్కో దిక్కుకి ఒక్కోలా ఉండే పవర్, లేకపోతే అవి పనిచేస్తాయి, కంటికి చెరుపేమీ చేయవు. నష్టమల్లా, అద్దాలు దొరికాయి కదా అని పరీక్ష మానేస్తారు.

ఇక అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లాల్సినవి: హఠాత్తుగా ఒక కంటికి చూపు పోవడం, కంట్లో మెరుపులు మెరిసి నల్ల చుక్కలు ఉన్నట్టుండి ఎక్కువవడం, ఒక పక్క నుంచి తెర దిగినట్టు ఉండటం, కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి చేసి వాంతులు రావడం, కంట్లో సున్నమో యాసిడో పడటం. చివరిదానికైతే ముందు కుళాయి కింద కన్ను తెరిచిపెట్టి పావుగంటకి తగ్గకుండా కడిగి, తర్వాత బయలుదేరండి.

మామూలు పరీక్షకి వచ్చేటప్పుడు పాత అద్దాలు, పాత చీటీ, షుగర్ రిపోర్టులు, వాడుతున్న మందులు తెచ్చుకోండి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు దగ్గరివి మసకబారతాయి, ఎండ కళ్లలో పొడుస్తుంది. అందుకని బండి మీద ఒంటరిగా రాకండి. ఎవరినైనా తోడు తెచ్చుకోండి, టోపీయో నల్లద్దాలో ఉంటే ఇంకా మంచిది. ఆ పూట బ్యాంకులో సంతకాల పని కూడా పెట్టుకోవద్దు, అక్షరం కనపడదు.