పాత ఓపెన్ టాప్ కారు: అపోహలు, వాస్తవాలు

"ఈ ఎండలకి తిరుపతిలో ఓపెన్ టాప్ కారెందుకన్నా?" నేను చేసే పని తెలియగానే చాలామంది ముందు అడిగేది ఇదే.

రేణిగుంట రోడ్డులో మా కార్ల రిపేరు షెడ్డు. రోజూ వచ్చేవి మామూలు కార్లే. వాటి మధ్య నెలకు ఒకటో రెండో, పదేళ్లు దాటిన మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి కన్వర్టిబుల్స్ (టాప్ మడిచి తెరవగలిగే కార్లు) వస్తాయి. దాదాపు అన్నీ చెన్నై నుంచో బెంగళూరు నుంచో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చుకున్నవే. కొత్తగా ఉన్నప్పుడు అరకోటి దాటిన బండి, పన్నెండు పదమూడేళ్లకు మామూలు ఎస్‌యూవీ ధరకు దిగివస్తుంది. ఆ ధర చూసి తొందరపడినవాళ్లను చూశాను. పక్కవాళ్ల మాటలు విని భయపడి మంచి బండిని వదులుకున్నవాళ్లనూ చూశాను. ఇద్దరికీ పనికొస్తుందని రాస్తున్నా.

పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నా, ఇలాంటి బండి కేవలం వయసు వల్ల పాడవడం నేను చూసింది తక్కువ. కదలకుండా నిలబెట్టినందుకు పాడైనవి, లోపలికి పోయిన నీళ్లకు బయటికి దారి లేక పాడైనవి చాలా ఎక్కువ. కింద రాసేదంతా దాదాపు ఈ రెండింటి చుట్టే తిరుగుతుంది.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండైతే కళ్లు మూసుకుని కొనొచ్చు

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. పన్నెండేళ్ల బండి మీటరులో 18 వేల కిలోమీటర్లు కనిపిస్తే అందరూ మురిసిపోతారు. నాకు మాత్రం టెన్షన్ మొదలవుతుంది. ఏడాదికి 1,500 కిలోమీటర్లు అంటే ఆ బండి నెలల తరబడి కవరు కప్పుకుని నిలబడిందన్నమాట. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. మార్చని బండిని తిరుమల నుంచి దింపుతుంటే సగం దారిలో పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, దానికీ తేమను లాగే గుణం ఉంది. ట్యాంకులో నెలల కొద్దీ నిలవ ఉంచే బండికి అది మంచిది కాదు. రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది.

టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే, అంత పాత టైరు మీద హైవే ఎక్కకండి. నన్నడిగితే, 70 వేలు తిరిగి ఏటా సర్వీసు బిల్లు చూపించే బండినే ముందు చూస్తాను.

అపోహ: లోపల తడి ఉందంటే టాప్ చిరిగినట్టే, మొత్తం మార్చాల్సిందే

ఒక నవంబరులో చిత్తూరు నుంచి ఫోను. మామిడి గుజ్జు వ్యాపారం చేసే ఆయన. "అన్నా, టాప్ సగంలో నిలబడిపోయింది. వాన పడతా ఉండాది. ఏం చేసేది?" పైన టార్పాలిన్ కప్పి, రికవరీ బండి మీద పంపించమన్నాను. అప్పటికే వేరే చోట చూపిస్తే టాప్, మోటారు రెండూ కొత్తవి వెయ్యాలని లక్షల్లో చెప్పారట.

వెనక లైనింగ్ విప్పి చూశాం. టాప్ మడుచుకునే చోటికి అట్టడుగున, ఓ మూల గుంటలో, స్పాంజీ డబ్బాలో ఉంది టాప్‌ను ఆయిల్ ఒత్తిడితో కదిపే హైడ్రాలిక్ పంపు మోటారు. డబ్బా నిండా నల్లటి నీళ్లు. చెయ్యి పెట్టి తీస్తే పిడికెడు ముద్ద వచ్చింది: కానుగ పూలు, వేపాకులు, మట్టి కలిసి కుళ్లి, చింతపండు పులుసు పిప్పిలా. ఆ ముద్ద నీళ్లు పోయే రంధ్రాన్ని బిరడాలాగా మూసేసింది. వాన నీళ్లన్నీ మోటారు మీదే నిలిచాయి. గుడ్డకు మాత్రం సూదంత చిల్లు కూడా లేదు.

"ఏ చెట్టు కింద పెడతారు సార్?" అనడిగితే, "కానుగ చెట్టు. నీడ బాగుంటాదని" అన్నాడాయన.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కన్వర్టిబుల్ టాప్ నీటిని పూర్తిగా ఆపేలా చెయ్యరు. బీడింగ్ (అంచుల రబ్బరు పట్టీ) దాటి లోపలికొచ్చిన కొంత నీటిని అంచుల్లోని కాలువలు పట్టుకుని, సన్న పైపుల ద్వారా బండి కిందికి వదులుతాయి. ఆ పైపులు మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందికో, డిక్కీలోని కంట్రోల్ యూనిట్ల మీదికో పోతాయి. చిత్తూరు బండి మోటారులో బేరింగ్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బేరింగ్ మార్చి, వైర్ల చివర్లు శుభ్రం చేసి, మోటారును మళ్లీ అదే గుంటలో పెట్టకుండా డిక్కీలో ఎత్తున బిగించాం. ముందు చూసినవాళ్లు చెప్పిన లక్షల్లో చిన్న ముక్క కూడా ఖర్చవలేదు.

మీరే చేసుకోగలిగిన పరీక్ష ఇది. టాప్ సగం తెరిచి, ప్రతి మూల కాలువలో చెంబెడు నీళ్లు నిదానంగా పొయ్యండి. కొన్ని క్షణాల్లో బండి కింద ధార పడాలి. పడకపోతే గడ్డి కోసే మిషన్‌కు వాడే నైలాన్ దారం తీసుకుని మెల్లగా దూర్చి శుభ్రం చెయ్యండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు. కొత్తలో నేనే కొట్టాను. లోపల పైపు జాయింటు దగ్గర ఊడిపోయింది. సీట్లు, కార్పెట్ తీసి మళ్లీ తగిలించడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజుల కూలి కస్టమర్ దగ్గర తీసుకోలేదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కానుగ పూలు రాలేది ఎండాకాలంలో. కాబట్టి సెప్టెంబరులోపు ఈ పని అయిపోవాలి.

అపోహ: టాప్ కదలడం లేదంటే పంపు పోయినట్టే

చాలాసార్లు ఏమీ పోదు. టాప్ డిక్కీలోకి మడుచుకునే బండ్లలో సామాను వైపునుంచి దాన్ని వేరుచేసే ఒక పరద ఉంటుంది. ఆ పరద లాగి కొక్కేనికి తగిలించకపోతే టాప్ అంగుళం కూడా కదలదు. స్విమ్స్ ఆసుపత్రి దగ్గర ఉండే ఒక డాక్టరమ్మ రెండు చోట్ల చూపించుకుని, పంపు ఖర్చు విని దిగులుపడి మా దగ్గరికొచ్చారు. డిక్కీలో సూట్‌కేసు జరిపి పరద తగిలించాను. టాప్ తెరుచుకుంది. ఆమె కళ్లలో వెలుగు నాకింకా గుర్తుంది. పరద తర్వాత చూడాల్సింది బ్యాటరీ. వోల్టేజీ కాస్త తగ్గినా ఈ బండ్లు టాప్‌ను కదలనివ్వవు. ఆ రెండూ బాగుంటే అప్పుడు స్కానర్ పెట్టాలి. టాప్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే చిన్న స్విచ్చులు చాలా ఉంటాయి, వాటిలో ఒక్కటి తప్పు చెప్పినా అంతా ఆగిపోతుంది.

నిజంగానే హైడ్రాలిక్ ఆయిల్ కారుతుంటే కూడా టాప్‌ను నెట్టే సిలిండర్ మొత్తం కొననక్కర్లేదు. పదిహేను ఇరవై ఏళ్లకు లోపలి సీళ్లు పాడవుతాయి. 1990ల నాటి మెర్సిడెస్ సీఎల్‌కే క్యాబ్రియోలేలో ఒక సిలిండర్ ముందు అద్దం పైన, సరిగ్గా తలలకు పైన ఉంటుంది. అది కారితే నూనె నెత్తిన పడుతుంది. అవే సిలిండర్లను విప్పి కొత్త సీళ్లు వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. సగానికి సగం ఖర్చు తగ్గుతుంది.

అపోహ: మన ఎండకు గుడ్డ టాప్ రెండేళ్లు కూడా ఆగదు

మంచి గుడ్డ టాప్ మూడు పొరలు. పైన యాక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు, కింద లోపలి గుడ్డ. నీడలో పెట్టే బండికి పదేళ్లు దాటినా గట్టిగా ఉన్న టాప్‌లు మా దగ్గరే చూస్తున్నాను. ముందు పోయేది గుడ్డ కాదు, కుట్టు దారం. తర్వాత వెనక అద్దం చుట్టూ ఉండే జిగురు. పాత మోడళ్లలో వెనక అద్దం ప్లాస్టిక్‌ది అయితే పసుపు రంగుకు తిరిగి, మడత దగ్గర పగులుతుంది. కొనేటప్పుడు వేలితో ఈ మూడూ తడిమి చూడండి.

ప్రెషర్ వాష్ గన్ గుడ్డ మీదికి తిప్పనివ్వకండి. బట్టల సోడా వద్దు. మెత్తటి బ్రష్, తక్కువ నురగ వచ్చే కారు షాంపూ, నిండా నీళ్లు చాలు. ఏడాదికోసారి నీళ్లు అంటకుండా చేసే స్ప్రే కొట్టించండి. తడి టాప్‌ను మడిచి పెడితే మూడో రోజుకు బూజు వాసన మొదలవుతుంది. ఇంకొకటి, మన ఊరి సంగతి: కపిలతీర్థం, అలిపిరి చుట్టుపక్కల గుడ్డ టాప్ బండి ఆపి పోవద్దు. కోతి ఒక్కసారి గెంతి గోళ్లు దించిందంటే ఆ చిరుగుకు కుట్టు వేసినా మచ్చ పోదు.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదు

చాలా బీఎండబ్ల్యూలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమని చెబుతుంది. ఎండాకాలంలో ఘాట్ రోడ్డు ఎక్కే బండికి నేనైతే ఆ లెక్కలో చిన్న అంకెనే తీసుకుంటాను. పాత మెర్సిడెస్ ఐదు గేర్ల ఆటోమేటిక్‌లో వైర్లు లోపలికి పోయే చోట ఒక ప్లగ్ ఉంటుంది. దాని రబ్బరు రింగులు ఎండితే ఆయిల్ వైర్ల వెంట పాకి, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ దాకా పోతుంది. ఆ ప్లగ్ చవక. యూనిట్ చవక కాదు.

అపోహ: పైకప్పు లేదు కాబట్టి బోల్తా పడితే బతకరు

ముందు అద్దం ఫ్రేమును గట్టి ఉక్కుతో చేస్తారు. 1989లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ఎల్‌లోనే, బండి బోల్తా పడబోతోందని సెన్సార్లు గుర్తించగానే సీట్ల వెనక నుంచి దాదాపు 0.3 సెకనులో లేచి నిలబడే బారు (రోల్ బార్) పెట్టారు. పైకప్పు లేని లోటు తీర్చడానికి కింద బాడీకి అదనపు ఉక్కు వేస్తారు, అందుకే ఇవి అదే మోడల్ మామూలు కారు కంటే బరువెక్కువ. మీరు చూడాల్సింది డ్యాష్‌బోర్డులో రోల్ బార్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఇగ్నిషన్ వెయ్యగానే వెలిగి ఆరుతున్నాయా అని. అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేశారని అనుమానించండి.

అపోహ: పదిహేనేళ్లు దాటితే స్క్రాప్‌కే

అది ఢిల్లీ చుట్టుపక్కల పెట్టిన ఆంక్షల గురించి విని అనుకునే మాట. మన ఆంధ్రలో ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. ఫీజు మాత్రం ముందే లెక్కలో పెట్టుకోండి. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు 5,000 రూపాయలు, ఇంపోర్టెడ్ కారుకు 40,000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో అవి 10,000, 80,000 అయ్యాయి. మీరు చూసే బండి ఏ కోవలోకి వస్తుందో అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. గ్రీన్ ట్యాక్స్ వేరే. తమిళనాడు, కర్ణాటక బండికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా ఉంటాయి. బేరం ఆడేటప్పుడే వీటిని కలిపి చూసుకోవాలి.

చెన్నై బండి అనగానే నేను ఇంకో పని చేస్తాను. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు తుఫానుకూ అక్కడ ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తాను. ఎవరూ లాగని ఆ చివరి జానెడులో బురద గీత దొరుకుతుంది. సీటు బోల్టుల తుప్పు, కార్పెట్ కింద కనెక్టర్లలో పచ్చటి పూత కూడా చూస్తాను. డ్రెయిన్ పైపు మూసుకుపోయి వచ్చిన తడి కింది నేల దగ్గరే ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనక ఒండ్రు కనిపిస్తే అది వరద, ధర ఎంత తగ్గించినా వద్దు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా. ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీ (పాలసీలో బండికి రాసే విలువ) ఇన్సూరెన్స్ కంపెనీ, మీరు కలిసి మాట్లాడుకుని ఒప్పుకునేదే. వాళ్లు రాసిన తక్కువ అంకెకు తలూపితే, రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటగానే బండిని టోటల్ లాస్ కింద తీసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీలో సగమే ఇస్తారు.

అపోహ: టాప్ ఎక్కువసార్లు తెరిస్తే అరిగిపోతుంది

తెరవకపోతేనే పాడవుతుంది. సీళ్లకు ఆయిల్ తగలాలి, కీళ్లు కదలాలి, బీడింగ్ ఒకే చోట నలిగి అతుక్కుపోకూడదు. రెండు వారాలకోసారి ఇంజిన్ స్టార్ట్ చేసి, నీడలో, పూర్తిగా ఒకసారి తెరిచి ఒకసారి మూయండి. నీళ్ల పరీక్షకు తప్ప మధ్యలో ఆపొద్దు. తర్వాత బీడింగ్‌లను తడిగుడ్డతో తుడిచి, రబ్బరుకు వాడే సిలికాన్ లూబ్రికెంట్ పల్చగా రాయండి. గ్రీజు, కొబ్బరి నూనె వద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

చిత్తూరు ఆయన ఇప్పుడు బండిని కానుగ చెట్టు కింద నుంచి తీసి రేకుల షెడ్డులో పెడుతున్నాడు. ఆదివారం తెల్లవారుజామున కాణిపాకం దాకా టాప్ తీసి వెళ్లొస్తాడు. సెప్టెంబరు వచ్చిందంటే తనే చెంబుతో నీళ్లు పోసి, బండి కింద పడుతున్న ధారను ఫోనులో వీడియో తీసి నాకు పంపిస్తాడు. కిందటిసారి నాలుగు మూలలా ధార పడింది.