ఓటర్ల జాబితాలో పేరు: ఒక హక్కు వెనక కథ

2025 ఆగస్టు 1న బిహార్‌లో ముసాయిదా ఓటర్ల జాబితా బయటికొచ్చేసరికి సుమారు 65 లక్షల పేర్లు కనిపించలేదు. చనిపోయారు, వలస వెళ్లారు, రెండుచోట్ల నమోదయ్యారు అని ఎన్నికల సంఘం కారణాలు చెప్పింది. 2003 నాటి జాబితాలో లేనివాళ్లను కాగితాలు చూపమంది. నేను ఈ దేశపు ఓటరునే అని రుజువు చేసుకునే భారం ఎవరిది? రాజ్యాంగం కూడా పుట్టక ముందే మన దేశం ఈ ప్రశ్నను ఎదుర్కొంది.

బ్రిటిష్ పాలనలో ఓటు ప్రధానంగా ఆస్తి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు, చదువుకున్నవాళ్లకు దక్కేది. 1935 భారత ప్రభుత్వ చట్టం తర్వాత కూడా ఓటర్లు దాదాపు 3 కోట్లే. కూలీకి, కౌలురైతుకు, ఆస్తిలేని ఆడవాళ్లకు అందులో చోటు దాదాపు లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే రాజ్యాంగసభ సచివాలయం వయోజనులందరితో జాబితా తయారీకి దిగింది. అప్పుడే దేశ విభజన శరణార్థుల సమస్య ముందుకొచ్చింది. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు ఫలానా చోట ఇన్నాళ్లుగా ఉంటున్నామని ఏ కాగితం చూపగలరు? ఇక్కడే స్థిరపడతామని వాళ్లు రాసిస్తే చాలు, తాత్కాలికంగా పేరు చేర్చుకోమన్నారు. దేశమంతా నెత్తురోడుతున్న రోజుల్లో, అనుమానించడానికి సాకులు కావలసినన్ని ఉన్నప్పుడు, ప్రభుత్వం మనుషుల మాట నమ్మింది. ప్రజాస్వామ్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ నిర్ణయమే.

తర్వాతి చిక్కు ఆడవాళ్ల పేర్లు. ఉత్తరాదిలో చాలామంది సొంత పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యననో, కూతురిననో రాయించుకున్నారు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దానికి ఒప్పుకోలేదు. సొంత పేర్లు రాయించుకోమని బిహార్‌లో గడువు కూడా పెంచారు. అయినా దేశం మొత్తమ్మీద దాదాపు 28 లక్షల మంది మహిళల పేర్లు తీసేయాల్సొచ్చింది. ఆయన పట్టుదల సరైందే. కానీ దాని ఫలితం అన్ని లక్షల మంది ఆడవాళ్లు 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓటు వేయలేకపోవడం.

అలా 17.3 కోట్ల మందితో జాబితా సిద్ధమైంది. అప్పటి అక్షరాస్యత సుమారు 18 శాతం. అందుకే ఒక్కో అభ్యర్థికి గుర్తుతో ఒక్కో పెట్టె పెట్టారు. నిజాం పాలనలో తమ ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కే లేని తెలంగాణ పల్లెలు కూడా ఆ ఎన్నికల్లో బారులు తీరాయి. నల్గొండ నుంచి కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి. సాయుధ పోరాటం ఆగి కొద్ది నెలలే అయింది. అదే జనం ఇప్పుడు తమ కోపాన్ని, ఆశను ఓటుతో చెప్పారు.

పేర్ల గల్లంతు మనకూ అనుభవమే. 2018 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజున ఎంతోమంది జాబితాలో పేరు లేక వెనుదిరిగారు. ఓటరు కార్డు చేతిలో ఉన్నా లాభం లేకపోయింది.

భారం ఎవరిదన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1995లోనే లాల్‌బాబు హుస్సేన్ కేసులో జవాబిచ్చింది. ఇప్పటికే జాబితాలో ఉన్న వ్యక్తి పేరును సరిగానే చేర్చారని భావించాలి, తీసేయాలంటే నోటీసిచ్చి అతని వాదన వినాలి అంది. బిహార్ వ్యవహారంలో 2025 ఆగస్టు 14న అదే కోర్టు, ముసాయిదాలో లేని ఆ 65 లక్షల పేర్లనూ ఒక్కొక్కరి విషయంలో కారణంతో సహా అందరికీ కనిపించేలా ప్రకటించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది.