విషం మనదాకా ఏ దారిన వచ్చింది?

ఊరి పక్కన విషం ఉండటం వేరు, అది ఊరివాళ్ల ఒంట్లోకి చేరడం వేరు. మొదటిది తేల్చడానికి మట్టి, నీటి నమూనాలు సరిపోతాయి. రెండోది తేల్చాలంటే ఎవరు, ఎక్కడ, ఎన్నేళ్లపాటు, ఏ నీళ్లు తాగారో, ఏ గాలి పీల్చారో తెలియాలి. ఈ రెండో ప్రశ్నను నేరుగా కేంద్ర ప్రభుత్వ సంస్థనే అడిగే హక్కును అమెరికాలో చట్టమే ప్రజలకు ఇచ్చింది. ఆ హక్కు వెనుక ఒక పట్టణం కథ ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో, తవ్వడం మొదలుపెట్టి వదిలేసిన లవ్ కెనాల్ అనే పాత కాలువ ఉండేది. హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి పదేళ్లకు పైగా దాదాపు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలను అందులో పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్థానిక పాఠశాలల బోర్డుకు రాసిచ్చింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో ఆ బడిలో చదువుతున్న తన కొడుకు అనారోగ్యం చూసి లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టారు. ఎవరికి ఏ జబ్బు ఉందో అడిగి పటం మీద గుర్తులు పెట్టారు. ఎప్పుడో పూడిపోయిన వాగుల దారుల వెంట ఉన్న ఇళ్లలోనే జబ్బులు ఎక్కువని తేలింది. అది గృహిణులు పోగుచేసిన లెక్క అంటూ అధికారులు కొట్టిపారేశారు. నిజానికి భూగర్భంలో రసాయనాలు ఏ దారిన నడిచి ఉంటాయన్న ప్రశ్న మొదట వేసింది ఆ లెక్కే.

ఆ ఆందోళనల ఫలితంగా, కలుషిత స్థలాలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం 1980లో వచ్చింది. దాని కిందే ఏటీఎస్‌డీఆర్ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఏర్పడింది. అట్లాంటా కేంద్రంగా పనిచేసే ఈ సంస్థ విష పదార్థాల వల్ల ప్రజల ఆరోగ్యానికి ఎంత ముప్పో అంచనా వేస్తుంది. అత్యంత కలుషితమైనవిగా జాతీయ జాబితాకెక్కిన స్థలాలకు ఎవరూ అడగకపోయినా అంచనా వేయాలి. జాబితాలో లేని చోట్ల కోసం 1986 సవరణ మరో దారి తెరిచింది. సామాన్యులెవరైనా, లేదా ఒక వైద్యుడైనా, ఫలానా చోట నుంచి వెలువడిన పదార్థం ప్రజలకు తగిలిందని సమాచారం ఇచ్చి అంచనా వేయమని అర్జీ పెట్టుకోవచ్చు. కుదరదని సంస్థ నిర్ణయిస్తే, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పాల్సిందే. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ చివరి వాక్యమే. అర్జీ ఏ బల్ల సొరుగులోనో మగ్గిపోకుండా కాపాడేది అదే.

అర్జీలో నేరం రుజువు చేయనక్కర్లేదు. స్థలం ఎక్కడుంది, అక్కడ ఏం జరిగింది, ఎప్పటి నుంచి, జనానికి అది ఎలా తగులుతోందని అనుమానం, ఏ జబ్బుల గురించి భయపడుతున్నారు అన్న వివరాలు తెలిసినంత మేరకు రాస్తే చాలు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు అయిదు అంశాలు చూస్తారు. విషం ఎక్కడ పుట్టింది, నేల, నీరు, గాలిలో దేని ద్వారా కదిలింది, మనిషికి ఎక్కడ ఎదురైంది, నోటి ద్వారానా ఊపిరి ద్వారానా చర్మం ద్వారానా లోపలికి వెళ్లింది, ఆ మనుషులెవరు. వీటిలో ఒక్కటి తెగినా విషం మనిషిని చేరనట్టే లెక్క. అయిదూ కలిస్తేనే మోతాదు లెక్కగట్టడం మొదలవుతుంది.

ఆ లెక్క ఎంత చిక్కుగా ఉంటుందో నార్త్ కరోలినాలోని క్యాంప్ లెజ్యూన్ సైనిక స్థావరం చూపింది. అది జాతీయ జాబితాలోని స్థలం, కాబట్టి అర్జీతో పని లేకుండానే అంచనా జరిగింది. 1950ల నుంచి 1980ల మధ్య వరకు అక్కడి సైనిక కుటుంబాలు వాడిన కుళాయి నీటిలో విష రసాయనాలు కలిశాయి. టరావా టెరస్ నివాసాలకు నీరిచ్చే బావుల్లోకి స్థావరం బయట ఉన్న ఒక డ్రైక్లీనింగ్ దుకాణం నుంచి, బట్టలు శుభ్రం చేయడానికి వాడే పర్‌క్లోరోఇథిలీన్ ఇంకింది. హాడ్నట్ పాయింట్ నీటిలోకి లోహాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్ చేరింది. 1982లో అక్కడి కుళాయి నీటిలో అది 100 కోట్ల పాళ్లకు 1,400 పాళ్లు ఉంది. తాగునీటిలో నేడు అమెరికాలో అనుమతించే పరిమితి 5 పాళ్లు.

తాగినవారికే ముప్పు అనుకోవడం పొరపాటు. గాలి తగిలితే ట్రైక్లోరోఇథిలీన్ నీటిలో నిలవదు. వేణ్నీళ్ల షవర్ కింద నీటి చుక్కల నుంచి అది ఆవిరై, తలుపు మూసిన చిన్న గదిలో గాలి నిండా పరుచుకుంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఊపిరితో, చర్మంతో లోపలికి వెళ్లేది, రోజంతా తాగిన నీటితో వెళ్లేదానికి తీసిపోకపోవచ్చు. నీళ్లు కొనుక్కుని తాగినంత మాత్రాన అలాంటి చోట రక్షణ దొరకదు.

అయితే 1950ల్లో ఆ నీటిని ఎవరూ పరీక్షించలేదు. గడిచిపోయిన మోతాదు ఎలా తెలియాలి? ఏటీఎస్‌డీఆర్ శాస్త్రవేత్తలు భూగర్భ జలాల కదలికను, ఏ బావి నుంచి ఎప్పుడు ఎంత తోడారన్న పాత రికార్డులను కంప్యూటర్ నమూనాలో పెట్టి, నెలనెలా నీటిలో ఎంత రసాయనం ఉండి ఉంటుందో వెనక్కి లెక్కగట్టారు. టరావా టెరస్‌లో పర్‌క్లోరోఇథిలీన్ 1957 నవంబరు నాటికే నేటి పరిమితిని దాటి ఉంటుందని తేలింది.

ఇంత పని ఊరికే జరగలేదు. అదే సంస్థ 1997లో ఇచ్చిన తొలి నివేదిక పెద్దవాళ్లకు పెద్దగా ముప్పు లేదన్న ధోరణిలో ఉంది. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో తొమ్మిదేళ్ల కూతురిని పోగొట్టుకున్న జెర్రీ ఎన్స్‌మింగర్ అనే మాజీ సైనికుడు, ఆయనలాంటి మరికొందరు ఏళ్ల తరబడి పాత కాగితాలు తవ్వి తీశారు. పెట్రోలులో ఉండే బెంజీన్ అనే విష రసాయనం వల్ల కలిగిన కాలుష్యాన్ని ఆ నివేదిక సరిగా లెక్కలోకి తీసుకోలేదని బయటపడింది. 2009లో సంస్థ తన నివేదికను తానే వెనక్కి తీసుకుంది. కొత్త అంచనా 2017లో వచ్చింది. బాధితులు ప్రభుత్వంపై దావా వేసే వీలు కల్పిస్తూ 2022లో చట్టం చేశారు. ప్రభుత్వ నివేదిక చేతికొచ్చాక కూడా దాన్ని పంక్తి పంక్తీ చదివి ఎదురు ప్రశ్న వేసేవాళ్లు కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ అంచనాల హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఇవి సలహాలే. శుభ్రం చేయమని కంపెనీని ఆదేశించే అధికారం ఏటీఎస్‌డీఆర్‌కు లేదు. ఒక మనిషి జబ్బుకు ఫలానా రసాయనమే కారణమని చెప్పడం దానికి సాధ్యం కాదు. కొన్ని వందల మంది ఉన్న చిన్న ఊళ్లో అరుదైన క్యాన్సర్ ముగ్గురికి వస్తే, అది యాదృచ్ఛికమో కాదో గణాంకాలు తేల్చలేకపోవచ్చు. తేల్చలేకపోవడం, ముప్పు లేదనడం ఒకటి కాదు. నివేదిక చదివేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇదంతా చదువుతుంటే నాకు పటాన్‌చెరు గుర్తుకురాకుండా ఉండదు. 2007లో ప్రచురితమైన ఒక స్వీడిష్ పరిశోధన, అక్కడి మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని చూపింది. నీటిలో ఏముందో దాంతో తెలిసింది. ఆ నీరు ఏ బోరులోకి ఇంకింది, ఏ ఇంటివాళ్లు దాన్ని ఎన్నేళ్లు వాడారు అన్నది వేరే పని. సమాచార హక్కు చట్టం కింద అడిగితే కార్యాలయంలో ఉన్న కాగితమే చేతికొస్తుంది, జరగని పరిశీలన జరగదు. అందుకే పరిశ్రమల పక్క ఊళ్లలో ఉన్నవాళ్లు కొన్ని వివరాలు ఇప్పటి నుంచే తేదీలతో రాసిపెట్టుకోవాలి. బోరు లోతెంత, ఎప్పుడు వేయించారు, నీటి రంగు, వాసన ఏ నెలలో మారాయి, తాగడానికి వాడటం ఎప్పుడు మానేశారు, స్నానానికి, పశువులకు ఇంకా వాడుతున్నారా, ఇంట్లో ఎవరు ఎన్నేళ్లుగా ఉంటున్నారు. ఊరి నోటుపుస్తకంలో ఈ వివరాలుంటే రేపు ఏ శాస్త్రవేత్త వచ్చినా, ఏ కోర్టు అడిగినా మోతాదు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.