లక్షద్వీప్: నేల కొంచెం, నీళ్ళు మూడు రకాలు

కొల్లేరు అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. మన దేశంలోని ఒక కేంద్రపాలిత ప్రాంతపు నేలనంతా తెచ్చి అందులో తొమ్మిదిసార్లు పరిచినా ఇంకా కాస్త జాగా మిగులుతుంది. ఆ ప్రాంతం లక్షద్వీప్. పేరులో లక్ష ఉన్నా లెక్కకు వచ్చే దీవులు 36, వాటిలో జనం నివసించేవి 10, మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడ 64,473 మంది ఉన్నారు. నేల లెక్కన చూస్తే ఇది మన మండలంలో ఒక మూలకు కూడా సరిపోదు. కానీ ఆ దీవులు కౌగిలించుకున్న పగడపు మడుగుల విస్తీర్ణం దాదాపు 4,200 చదరపు కిలోమీటర్లు; వాటి మూలంగా సముద్ర సంపద మీద దేశానికి హక్కు దక్కిన ప్రత్యేకాధికార ఆర్థిక మండలం సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంత ఉండవు. అందుచేత లక్షద్వీప్ భూగోళాన్ని నీటి దగ్గర మొదలుపెట్టి చదవడమే సబబని నా అభిప్రాయం. అక్కడి బతుకు మూడు నీళ్ళ మీద ఆధారపడింది: కాళ్ళ కింది మంచినీరు, పగడపు గట్టు లోపలి మడుగు నీరు, గట్టు దాటిన తరువాతి లోతు సముద్రం.

అయితే ముందు ఆ గట్టు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మనకు దూరపు చుట్టరికం ఉంది. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పరుచుకున్న నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి గుట్టల్లో కనిపించే నల్లరాయి, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పొంగిన లావా గడ్డకట్టగా ఏర్పడినవే. భూమి లోతుల్లో నిలకడగా మండుతున్న ఒక వేడి కేంద్రం మీదుగా భారత భూఫలకం ఉత్తరానికి జరుగుతూ పోయిందని, ఆ దారి పొడవునా సముద్రగర్భంలో అగ్నిపర్వతాల వరుస మిగిలిపోయిందని, లక్షద్వీప్ నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల దాకా సాగే జలాంతర్గత గట్టు ఆ వరుసేనని చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఆ వేడి కేంద్రం ఇప్పుడు రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి అగ్నిపర్వతం నేటికీ లావా కక్కుతూనే ఉంది.

చల్లారిన కొండ తన బరువుకు తానే మెల్లగా కుంగుతుంది. దాని అంచుల్లో వెచ్చని, తేటనీటిలో స్థిరపడిన పగడపు జీవులకు ఎండ కావాలి కనుక, కొండ కుంగినకొద్దీ అవి పాత అస్థిపంజరాల మీద కొత్తవి కడుతూ పైకి పెరుగుతాయి. చివరికి కొండ మునిగిపోయి, దాని చుట్టూ ఉన్న పగడపు వలయం మాత్రం నీటి మట్టం దగ్గర నిలబడుతుంది. ఈ వివరణను 1842లో ప్రచురించినవాడు చార్లెస్ డార్విన్. అటువంటి వలయాన్ని ప్రపంచమంతా అటాల్ అంటుంది. ఆ మాట మాల్దీవుల భాష నుంచి వచ్చింది, ఆ భాష ఒక రూపాన్ని లక్షద్వీప్ దక్షిణపు కొసన ఉన్న మినికాయ్‌లో ఇప్పటికీ మాట్లాడతారు. శాస్త్ర పదకోశాల్లోకి ఇంత చిన్న జనసమూహపు మాట ఎక్కడం అరుదు.

లక్షద్వీప్‌లో చాలా దీవులు వలయానికి తూర్పు అంచున సన్నగా, పొడుగ్గా ఉంటాయి. మడుగు పడమటి వైపు ఉంటుంది. ఆంద్రోత్ ఒక్కటే మడుగు లేకుండా తూర్పు పడమరలుగా పడుకుని ఉంటుంది. దీవి అంటే నిజానికి పగడపు ముక్కలు, గవ్వల పొడి, సున్నపు ఇసుక కలిసిన ఒక కుప్ప. ఆ తెల్లని ఇసుకలో గణనీయమైన భాగం చిలుక ముక్కు వంటి నోరున్న చేపలు పగడాన్ని కొరికి, నమిలి, విసర్జించిన పొడి అని తెలిస్తే, విహారయాత్రల ప్రకటనల్లో కనిపించే బీచ్‌ను మరో కంటితో చూస్తాం. ఆ కుప్ప ఎత్తు చాలాచోట్ల సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్లు మాత్రమే. 1847 ఏప్రిల్‌లో వచ్చిన పెనుతుపాను కల్పేని, ఆంద్రోత్ దీవులను ముంచెత్తింది. అప్పుడు అలలు ఎత్తి పడేసిన పగడపు బండల గట్టు కల్పేని తూర్పు, ఆగ్నేయ తీరాల్లో ఇప్పటికీ ఉంది.

ఇక మొదటి నీరు. ఈ దీవుల్లో నది లేదు, వాగు లేదు, చెరువుకు తావు లేదు. ఏటా 1,600 మిల్లీమీటర్ల దాకా కురిసే వాన ఇసుకలోకి ఇంకిపోతుంది. ఇంకిన నీరు కింద ఉన్న ఉప్పునీటితో వెంటనే కలిసిపోదు. లీటరు మంచినీరు కిలో తూగితే లీటరు సముద్రపు నీరు మరో 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. ఆ చిన్న తేడా వల్ల మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ, మధ్యలో మందంగా, అంచుల్లో పలుచగా, ఇంచుమించు కటకం ఆకారంలో నిలుస్తుంది. దీని లెక్కను ఘైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం చెబుతుంది: భూగర్భ జలం సముద్ర మట్టానికి ఒక అంగుళం పైన నిలిస్తే, దాని కింద 40 అంగుళాల లోతుకు మంచినీరు ఉంటుంది. ఈ లెక్క వినడానికి ఉదారంగా ఉన్నా, తిరగేసి చూస్తే భయపెడుతుంది. పైన ఒక అంగుళం తోడేస్తే కాలక్రమంలో కింద 40 అంగుళాల మేర ఉప్పు పైకి జరుగుతుంది. బావిలో చేద వేసి నాలుగు కడవలు తోడుకున్నంత కాలం ఈ కటకం నిలిచింది. ఒక్కచోట మోటారు పెట్టి గబగబా లాగితే, ఆ బావి అడుగున ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. బావుల్లో నీటి మట్టం ఆటుపోట్లతో పాటు లేచి దిగుతూ ఉండటమే కింద సముద్రం ఎంత దగ్గరగా ఉందో చెబుతుంది. దీనికి తోడు ఇసుక దేన్నీ ఆపదు; మరుగుదొడ్డి గుంతకూ తాగునీటి బావికీ మధ్య దూరం చాలని ఇరుకు దీవుల్లో కటకం పైనుంచి కూడా చెడుతుంది.

ఈ చిక్కుకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కనిపెట్టిన పరిష్కారం నాకు చాలా నచ్చిన ఇంజనీరింగ్ పని. 2005లో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు ఇచ్చే కేంద్రాన్ని ఆ సంస్థ నెలకొల్పింది. సముద్రం పై నీరు 28 డిగ్రీల వేడితో ఉంటుంది. గాలి తోడేసిన గదిలోకి దాన్ని వదిలితే, ఒత్తిడి అతి తక్కువ కనుక, ఆ మాత్రపు వేడికే అందులో కొంత భాగం ఆవిరవుతుంది. సుమారు 350 మీటర్ల లోతు నుంచి గొట్టంతో పైకి తెచ్చిన నీరు 12, 13 డిగ్రీల చల్లదనంతో ఉంటుంది. దానితో చల్లబరిచిన గొట్టాలకు తగిలి ఆవిరి మళ్ళీ నీరవుతుంది. మన వంటింట్లో చల్లని మూతకు ఆవిరి పట్టినట్టే. ఉప్పు గదిలోనే ఉండిపోతుంది. ఈ పద్ధతి అక్కడ నెగ్గడానికి కారణం మునిగిన ఆ కొండే: గట్టు దాటగానే సముద్రం నిట్టనిలువుగా దిగిపోతుంది కనుక తీరానికి కిలోమీటరు లోపే అంత లోతు దొరుకుతుంది. విశాఖ తీరం నుంచైతే అంత లోతు కోసం పదుల కిలోమీటర్లు పోవాలి. 2011లో మినికాయ్‌లోనూ, అగత్తిలోనూ ఇటువంటి కేంద్రాలు వచ్చాయి. అయితే పంపులకు కరెంటు కావాలి, ఆ కరెంటులో అధిక భాగం ప్రధాన భూమి నుంచి ఓడల్లో వచ్చే డీజిల్‌తో తయారవుతుంది. అంటే తాగే నీటిలో కూడా కొంత డీజిల్ ఉన్నట్టే.

రెండో నీరైన మడుగు దీవికి పెరడు వంటిది. కొబ్బరి డొక్కలను మడుగు ఒడ్డున ఇసుకలో గుంతలు తీసి పాతిపెట్టి, నెలల తరబడి ఉప్పునీటిలో నాననిచ్చి, తరువాత ఆడవాళ్ళు కొట్టి పీచు తీసి తాడు పేనడం ఇక్కడి పాత వృత్తి. పీచుకు ఇంగ్లీషువారు వాడే కాయర్ అన్న మాట మలయాళపు కయర్ నుంచి వచ్చిందే. కన్నూరును ఏలిన అరక్కల్ రాజవంశం ఈ దీవులను చేతబట్టినప్పుడు పీచు మీద గుత్తాధికారం పెట్టింది. దీవివాసులు పీచును తాము నిర్ణయించని ధరకు అప్పగించి బదులుగా బియ్యం తీసుకోవలసి వచ్చేది. వరి పండని చోట బియ్యం ఇచ్చేవాడి మాటే ధర. ఆ పీడన భరించలేక ఉత్తరాన ఉన్న అమిని మొదలైన దీవులు 18వ శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ ఏలుబడిలోకి వెళ్ళాయి. 1799లో ఆయన మరణించాక ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. మిగిలినవి కూడా క్రమంగా ఆంగ్లేయుల చేతికి వచ్చాయి. అరక్కల్ వంశపు భూములకు ఉన్న ‘పండారం’ అన్న పేరు మాత్రం భూముల వ్యవహారాల్లో నేటికీ వినబడుతుంది.

మడుగు అడుగున సముద్రపు గడ్డి పెరుగుతుంది, ఆ గడ్డిలో చేపపిల్లలు పెరుగుతాయి, ఆ గడ్డినే పచ్చ తాబేళ్ళు మేస్తాయి. వేట ఆగి రక్షణ పెరిగాక తాబేళ్ళ సంఖ్య కొన్ని మడుగుల్లో ఎంతగా పెరిగిందంటే, అగత్తిలో గడ్డి నేలబారుగా అయిపోయింది. తరువాత అవి కద్మత్ వంటి చోట్ల మేతకు చేరాయి. చేపలు తగ్గడానికి తాబేళ్ళే కారణమని జాలరులు అంటారు. పరిశోధకులు పరిశీలించి, గడ్డి పోయిన చోట చేపలు తగ్గడం నిజమేనని తేల్చారు. కాపాడిన జంతువు వల్ల ఏ రక్షణా లేని మనిషికి నష్టం కలగడం అడవి అంచు పల్లెల్లో పంట పోగొట్టుకున్న మన రైతుకు కొత్త సంగతి కాదు. అంతకన్నా పెద్ద దెబ్బ ఎండది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం అసాధారణంగా వేడెక్కినప్పుడు పగడాలు తమలో నివసించే నాచును వదిలేసి తెల్లబడ్డాయి, వాటిలో చాలా చచ్చిపోయాయి. పగడం చస్తే అలను ఆపే గట్టు అరుగుతుంది. బంగారం అనే పేరున్న అటాల్‌లోని పరలి–1 అనే నిర్జన దీవి 1968లో 0.032 చదరపు కిలోమీటర్లు ఉండేదని, తరువాత పూర్తిగా కోసుకుపోయిందని 2017లో ఒక అధ్యయనం చెప్పింది.

మూడో నీటిలో ట్యూనా చేప ఉంది. దాన్ని పట్టే పద్ధతి మినికాయ్‌ది. 1960ల నుంచి ప్రభుత్వ మత్స్యశాఖ మిగిలిన దీవులకు నేర్పింది. తెల్లవారుజామున మడుగులో సన్నని వలతో చిట్టి చేపలను పట్టి, పడవ అడుగున చిల్లులున్న తొట్టెలో, సముద్రపు నీరు వస్తూ పోతూ ఉండేలా, ప్రాణంతో ఉంచుతారు. బయటి సముద్రంలో ట్యూనా గుంపు కనబడగానే ఆ చిట్టి చేపలను చల్లుతారు, పడవ వెనుక నీటిని జల్లులా చిమ్ముతారు. అల్లాడే నీటిని చూసి ట్యూనాలు ఎర నిండా ఉందని భ్రమపడి పైకి ఎగబడతాయి. పడవ చివర వరుసగా నిలబడ్డవాళ్ళు పొడవాటి గెడలు ఊపుతారు. ములికి లేని గాలాలు కనుక, గెడను ఒక్క విసురు విసిరితే చేప తలమీదుగా ఎగిరి పడవలో పడి తనంతట తానే ఊడిపోతుంది. గాలం విడదీసే పని లేదు, అక్కరలేని చేప చిక్కదు, వల అడుగును దోకదు. ఒడ్డుకు తెచ్చాక కోసి, ఉప్పునీటిలో ఉడికించి, పొగబెట్టి, కొయ్యముక్కలా గట్టిపడేదాకా ఎండబెడితే అది మాస్‌మిన్. ఫ్రిజ్ అక్కరలేకుండా నెలలు నిలుస్తుంది. గమనించవలసింది ఏమిటంటే, లోతు సముద్రపు ఈ వేట మడుగులో దొరికే చిట్టి చేప మీద ఆధారపడింది, ఆ చిట్టి చేప పగడం మీద ఆధారపడింది.

మగవాళ్ళు ఎక్కువ కాలం నీటి మీద గడిపే సమాజంలో ఇల్లు ఆడవారి పేరున నిలిచింది. దీవివాసులు దాదాపు అందరూ ముస్లింలు. అయినా వంశం తల్లి వైపు నుంచి లెక్కిస్తారు. పిల్లలు తల్లి తరవాడుకు, అంటే తల్లి వైపు ఉమ్మడి కుటుంబానికి చెందుతారు. పాత ఆచారం ప్రకారం భర్త రాత్రికి భార్య ఇంటికి వచ్చి తెల్లవారాక తన తల్లి ఇంటికి వెళ్ళిపోతాడు. ఆస్తిని రెండుగా చెబుతారు: తరవాడు ఉమ్మడి ఆస్తి ‘శుక్రవారపు ఆస్తి’, అది తల్లి వరుసలో సాగుతుంది; ఎవరికి వారు సంపాదించుకున్నది ‘సోమవారపు ఆస్తి’, దానికి ఇస్లాం వారసత్వ నియమాలు వర్తిస్తాయి. రెండు ధర్మాలు ఒకే ఇంట్లో తగవు పడకుండా ఇంత తేలిక పేర్లతో సర్దుకోవడం చూస్తే ముచ్చట వేస్తుంది. కల్పేనిలో ఈ వ్యవస్థను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త లీలా దూబె. భాష జెసెరి, మలయాళానికి మాండలికం. మలయాళంలో ‘ప’తో మొదలయ్యే మాటలు ఇక్కడ తరచు ‘ఫ’తో మొదలవుతాయి. మినికాయ్‌లో మాట్లాడే మహల్ మాత్రం వేరే. దాని తానా లిపిని కుడి నుంచి ఎడమకు రాస్తారు, అందులో మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి పుట్టాయి.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1నే ఈ దీవులు మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. 1964లో పాలనా కేంద్రం కోళిక్కోడ్ నుంచి కవరత్తికి మారింది. లక్షద్వీప్ అన్న పేరు 1973లో వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ దీవుల్లో పుట్టినవారైతే అక్కడే పుట్టిన బిడ్డను షెడ్యూల్డు తెగగా గుర్తిస్తారు, బయటివారు రావాలంటే అనుమతి పత్రం ఉండాలి. 2024 జనవరిలో ప్రధాని పర్యటన తరువాత పర్యాటకం మీద ఆశలు బాగా పెరిగాయి. హోటల్ గదుల లెక్క వేసేవారు ఒక్కో గదికి రోజుకు ఎన్ని లీటర్లు కావాలో, ఆ మురుగునీరు ఏ ఇసుకలోకి ఇంకుతుందో ముందు లెక్క వేయాలి.

జనం ఉన్న దీవుల్లో అన్నిటికన్నా చిన్నది బిత్రా. నేల 0.10 చదరపు కిలోమీటర్లు, మడుగు 45 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు అది సముద్రపు పక్షులు గుడ్లు పెట్టే ఇసుకతిప్ప. చెట్లాత్, కిల్తాన్ జనం గుడ్లు ఏరుకోవడానికి వచ్చి పోయేవారు. 1945 ప్రాంతంలో చెట్లాత్ నుంచి వచ్చిన ఒక వృద్ధురాలు, ఆమె కొడుకు అక్కడ మొదట స్థిరపడ్డారు. 2011 నాటికి అక్కడి జనాభా 271. 2025 జూలైలో రక్షణ అవసరాల కోసం ఆ నేలను మొత్తంగా సేకరించే ఆలోచనను పాలనా యంత్రాంగం ప్రకటించింది. దీవివాసులు దాన్ని వ్యతిరేకించారు.